మాట అందించే పని: గుణుపురం అమ్మాయి ప్రశ్నకు నా జవాబు

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగింది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు వైపున్న గుణుపురంలో ఉండే 25 ఏళ్ళ అమ్మాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో తిరగడం వల్ల అక్కడి సవర గిరిజనుల భాష సవర కూడా వచ్చు. డిగ్రీ అయ్యాక నాన్నగారి బట్టల కొట్టు చూసుకుంటోంది. కొట్టుకి వచ్చేవాళ్ళలో చాలామంది బట్టల కోసం రారు. కాగితం చదివించుకోవడానికో, ఫోన్‌లో అవతలివాళ్ళతో మాట్లాడించుకోవడానికో వస్తారు. పోయిన నెల పక్కింటి సవర ముసలమ్మకి తోడుగా విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్తే, డాక్టరుగారు "ఈ అమ్మాయిని ప్రతిసారీ తీసుకురండి" అన్నారట. ముసలమ్మ తన నొప్పి గురించి చెప్పిన ఒక సవర మాటకి మాత్రం తెలుగు దొరక్క "నొప్పి" అని చెప్పి ఊరుకుందట, అది ఇంకా మనసులో గుచ్చుతోందట. వాళ్ళమ్మేమో "ఇక్కడ అందరికీ రెండు భాషలు వచ్చు, అదేం పెద్ద విద్యా" అంటోంది. ఇది టాలెంటేనా, అయితే దీంతో ఏం చేసుకోవాలి అని అడిగింది.

అమ్మా, నా కూతురికంటే చిన్నదానివి, అందుకే నువ్వు అనే అంటున్నాను. నేను పుట్టింది పర్లాకిమిడి, చదివింది బరంపురం. 27 ఏళ్ళుగా ఒడియాకీ తెలుగుకీ మధ్య కూర్చోవడమే నా పని. ఆసుపత్రులు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు, కోర్టులు, ఊళ్ళలో మీటింగులు, అన్నిచోట్లా కూర్చున్నాను. ఈ పనికి పాతరోజుల్లో దుబాసీ అని పేరుండేది. కంపెనీ కాలంలో మద్రాసులో దుబాసీలు బాగా గడించారు, వాళ్ళకి గౌరవం కూడా ఉండేది. మన దగ్గర ఇప్పుడు ఆ పేరు కూడా లేదు. "ఆ పిల్లని పిలవండి, దానికి వచ్చు" అంటారు, అంతే. పేరు లేని పని కాబట్టే అది విద్య అని నీకూ అనిపించలేదు, మీ అమ్మగారికీ అనిపించలేదు.

మీ అమ్మగారి మాటలో నిజం లేకపోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఇటు ఉండిపోయింది. సంతలూ వియ్యాలూ మాత్రం ఆ గీత దగ్గర ఆగలేదు. ఇవాళ్టికీ గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో కూరలమ్మే ఆమె కూడా ఒక చెవితో ఒడియా విని, ఇంకో గిరాకీతో తెలుగులో బేరమాడుతుంది. రెండు భాషలు రావడం మన ప్రాంతంలో గొప్ప కాదు, ఒప్పుకుంటాను. అయితే ఒక్క సంగతి ఆలోచించు. మీ వీధిలో రెండు భాషలూ వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆ ముసలమ్మ వాళ్ళందరి గుమ్మాలూ దాటుకుని నీ కొట్టు మెట్లే ఎందుకు ఎక్కింది?

ఎందుకో నేను చెప్పగలను, ఎందుకంటే ఆ మిగతావాళ్ళని వందలమందిని చూశాను. మంచివాళ్ళే, సాయం చేద్దామనే వస్తారు. డాక్టరు ముందు కూర్చున్నాక జరిగేది వేరు. పేషెంటు రెండు నిమిషాలు చెబుతుంది. ఎప్పుడు మొదలైంది, ఏం తింటే ఎక్కువవుతోంది, రాత్రి ఎలా ఉంటోంది, అన్నీ. వీళ్ళు డాక్టరుతో "కడుపునొప్పి అంటండీ" అంటారు. డాక్టరు ఐదు ముక్కలు చెబుతాడు. వీళ్ళు పేషెంటుతో "ఏం పరవాలేదంట, మాత్రలు వేసుకోమన్నాడు" అంటారు. కొందరు పేషెంటు నోరు తెరవకముందే తామే జవాబు చెప్పేస్తారు. ఇంకొందరు "నీకెన్నిసార్లు చెప్పాలే" అని మధ్యలో కసురుకుంటారు. ఎదుటివాళ్ళ మాట పూర్తిగా విని, ఏదీ ఒలికిపోకుండా రెండోవాళ్ళకి అందించడం చాలా తక్కువమందికి వస్తుంది. దానికి భాష ఒక్కటే చాలదు, ఓపిక ఉండాలి. తన తెలివి చూపించుకోవాలనే కోరిక ఉండకూడదు. విన్నది కాసేపు మనసులో చెదరకుండా పట్టుకోవడం రావాలి. ఆ డాక్టరుగారు నీ తెలుగు చూసి ఆ మాట అనలేదమ్మా. తను అడిగిన ప్రశ్నకి అడిగినంత జవాబూ తిరిగి రావడం చూసి అన్నారు.

నీకే రూఢిగా తెలియాలంటే, ఈసారి తోడు వెళ్ళినప్పుడు వాళ్ళ కళ్ళు గమనించు. మొదట ఇద్దరూ నీ మొహమే చూస్తారు. పని బాగా సాగుతుంటే నెమ్మదిగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకోవడం మొదలుపెడతారు, నువ్వు అక్కడ ఉన్నావన్న సంగతే మర్చిపోతారు. ఆ క్షణం వచ్చిందంటే నీకు ఆ విద్య ఉన్నట్టే. అందుకే నేనెప్పుడూ పేషెంటు పక్కన, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంటాను. డాక్టరు పక్కన కూర్చుంటే ఆసుపత్రి మనిషి అనుకుని పేషెంటు బిగుసుకుపోతుంది.

విద్య ఉంది సరే, దానికి సానబట్టాలి. నేను ఆలస్యంగా నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

మొదటిది మన తెలుగులో ఉన్న "అట". "డాక్టరుగారూ, ఈవిడకి రాత్రిళ్ళు ఛాతీ బరువుగా ఉంటుందట" అంటాం, గౌరవంగానే అంటాం. కానీ తెలుగులో ఆ "ట" ఎప్పుడు పెడతాం? మనం చూడనిది, మనం పూచీ పడనిది చెప్పేటప్పుడు. ఆ ఒక్క అక్షరంతో పేషెంటు బాధ కాస్తా విన్న కబురైపోతుంది. అందుకని నేను నేరుగా "నాకు రాత్రిళ్ళు ఛాతీ బరువుగా ఉంటోంది" అనే చెబుతాను. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, డాక్టరు కూడా తికమకపడతాడు. లోపలికి వెళ్ళగానే "నేను 'నాకు' అన్నప్పుడల్లా ఆ మాట ఈమెది" అని ఒక్కసారి చెప్పేస్తే సరి. ఒక పూట ఇలా చేసి చూడు, గదిలో గాలి మారడం నీకే తెలుస్తుంది.

రెండోది, మాటకి మాట పెట్టకూడదు. తెలుగువాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. ఒడియావాళ్ళకి అదే బాధ వస్తే "ముండ బులాఉఛి", అంటే తల తిరుగుతోంది అంటారు. తెలుగు పేషెంటు చెప్పినదాన్ని బరంపురంలో ఒడియా డాక్టరుకి ఉన్నదున్నట్టు కళ్ళు అని చెప్పి, కంటి డాక్టరు దగ్గరికి చీటీ రాయించుకొచ్చినవాళ్ళని చూశాను. ఒకేలా వినపడే సంస్కృతం మాటలు ఇంకా ప్రమాదం. ఒడియాలో శిక్షా అంటే చదువు. పలాస వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక తండ్రి, కూతురికి "ఉచ్చశిక్షా బిభాగ", అంటే ఉన్నత విద్యాశాఖ, నుంచి కాగితం వచ్చిందని వినగానే మొహం పాలిపోయి, "మా పిల్ల ఏం తప్పు చేసిందమ్మా" అని నన్ను అడిగాడు. ఒడియాలో రాగ అంటే కోపం, ఉపన్యాస అంటే నవల. "ఆజ్ఞా" అని పెద్దవాళ్ళ మాటకి వినయంగా బదులిస్తారు, అందులో ఆర్డరు వెయ్యడం ఏమీ లేదు. ఇవన్నీ నీకు తెలిసినవే. కానీ తెలిసినవి అని నీకు తెలియదు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టమంటున్నాను. నాకు ఇప్పటికి ఎనిమిది నిండాయి.

మన్ననల సంగతి కూడా చూసుకోవాలి. మనకి నువ్వు, మీరు అని రెండు మెట్లు. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు. ఒక కుర్ర డాక్టరు డెబ్భై ఏళ్ళ ఒడియా రైతుని తెలుగులో "మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే, దాన్ని "తు" అని మారిస్తే ఆయన గుండెకి తగులుతుంది. నేను "ఆపణ" అనే చెబుతాను. ఒక్క అక్షరం కూడా మార్చకూడదు అనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నేను ఈ ఒక్క విషయంలో ఏకీభవించను. ఆ డాక్టరు మనసులో అవమానించే ఉద్దేశం లేనప్పుడు, నా నోట్లోంచి అవమానం పుట్టకూడదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. పనిలోకి వచ్చిన నాలుగో ఏడు. ఆంధ్రా వైపు ఊళ్ళో ఒక ఆసుపత్రి, పేషెంటు ఒడియా పెద్దాయన, హెర్నియా ఆపరేషన్. రక్తం పలచన చేసే మాత్ర వాడుతున్నాడు, దాన్ని ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే రక్తం ఆగదు. డాక్టరు "ఎప్పుడు ఆపారు?" అన్నాడు. నేను హడావుడిలో ఒడియాలో పొట్టిగా "ఒషద కేబే బంద్?", అంటే మందు ఎప్పుడు బంద్, అన్నాను. ఆయన ఒక్క మాట అన్నాడు, "కాలి". ఒడియాలో కాలి అంటే నిన్న కూడా, రేపు కూడా. వెనక క్రియ ఉంటే తెలిసిపోతుంది. నా ప్రశ్నలోనే క్రియ లేదు, ఆయన జవాబులో ఎలా ఉంటుంది? నేను "నిన్న" అని చెప్పేశాను. ఆయన ఉద్దేశం రేపటినుంచి ఆపుతానని. ఆ లెక్కన ఆపరేషన్‌కి తేదీ వేసేశారు. సాయంత్రం ఒక నర్సు మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని ఖాళీ గళ్ళు లెక్కపెట్టి, ఇవాళ పొద్దున్నది కూడా వేసుకున్నాడే అని పట్టుకుంది. ఆపరేషన్ వాయిదా వేశారు, పెద్దాయనకి ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి "గతకాలి" అనో "ఆసంతాకాలి" అనో స్పష్టంగా చెప్పించుకోకుండా ముందుకి కదల్లేదు. అర్థం కాకపోతే "ఆగండి, ఇంకోసారి అడుగుతాను" అనడం నామోషీ కాదమ్మా. ఆ మాట అనలేనివాళ్ళు ఈ పనిలోకి రాకూడదు.

అంకెలూ అంతే. తెలుగులో ఇరవై ఆరు అని పదులు ముందు చెబుతాం. ఒడియాలో ఒకట్లు ముందు వస్తాయి. ఛబిశ అంటే 26, బాషఠి అంటే 62. అలిసిపోయి ఉన్నప్పుడు ఈ రెండూ తారుమారు అవుతాయి. నీకు కాకపోయినా ఎదుటివాళ్ళకి అవుతాయి. అంకె వినగానే కాగితం మీద వేసి ఇద్దరికీ చూపించు. మాత్రలైనా, డబ్బైనా, సర్వే నంబరైనా అదే పద్ధతి. ఆసుపత్రి నుంచి వచ్చాక తల పగిలిపోతోందంటే కంగారు పడకు. పెద్ద సభల్లో వెంటవెంటనే అనువాదం చెప్పేవాళ్ళు ఇద్దరు కూర్చుని, అరగంటకోసారి మైకు మార్చుకుంటారు. నువ్వు పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కదానివే చేస్తున్నావు.

ఇప్పుడు దీన్ని ఎక్కడ వాడాలి అన్న ప్రశ్న. ఆసుపత్రి నీకు తెలిసిందే. గుణుపురం రైలెక్కి విశాఖ వెళ్ళేవాళ్ళు, బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రెండోది కాగితాల పని. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రారుకి తెలియని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో దస్తావేజు ఉంటే దానికి సరైన అనువాదం జతచేయాలి. అటు భూములు, ఇటు వారసులు ఉన్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో నీకు తెలుసు. పాత తెలుగు దస్తావేజులు ఒడియాలో చదివి అర్థం చెప్పగలిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. నువ్వు ఒడియా మీడియం కదా, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నదే. అందుకని రోజూ ఒక పేజీ తెలుగు చేత్తో రాయి, పాత దస్తావేజుల చేతిరాత చదవడం ఎవరైనా పెద్ద లేఖరి దగ్గర కూర్చుని నేర్చుకో. దీనికి ఏడాది పడుతుంది, తొందరపడకు. మూడోది కోర్టు. సాక్షి మాటని వేరే భాషలో చెప్పే దుబాసీ కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం కింద సాక్షిలాగే ప్రమాణం చేయాలి. ఇప్పుడే అక్కడికి వెళ్ళమనను. పరిగెత్తే ముందు నడవాలి. చదువుగా నేర్చుకోవాలనుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువాద అధ్యయనాలు ఉన్నాయి, మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ ఆధ్వర్యంలో జాతీయ అనువాద మిషన్ ఉంది.

ఫోన్లే అనువాదం చేసేస్తున్నాయి కదా అని నువ్వు అడగలేదు, మీ ఇంట్లో ఎవరైనా అడుగుతారు. నిజమే, చేస్తున్నాయి. కేంద్రం భాషిణి అని ఒక అనువాద వేదికని 2022లో మొదలుపెట్టింది, తెలుగు ఒడియాల మధ్య మామూలు వాక్యాలు ఇంకా బాగుపడతాయి కూడా. కానీ నీకు మూడు భాషలు వచ్చు. ఆ మూడింటిలో నా లెక్కన అన్నిటికంటే విలువైనది సవర. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో సవర లేదు. సవర వచ్చి, తెలుగు డాక్టరుకి చెప్పగలిగి, మనిషిని కసురుకోని అమ్మాయిలు గుణుపురంలో ఎంతమంది ఉన్నారో నువ్వే లెక్కపెట్టుకో.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, వ్యావహారిక భాష కోసం పోరాడారని చెప్పుకుంటాం. ఆయన మా ఊరి బడిపంతులు. చుట్టుపక్కల కొండల సవరల మాట వింటూ, అది తనకి రాదే అని ఊరుకోలేకపోయారు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఈ రెండిటి మధ్య, 1936లో, మంగే గొమాంగో సవరకి సొంత లిపి తయారుచేశాడు. పంతులుగారికి మాట్లాడే తెలుగు విలువ అంత గట్టిగా తెలియడానికి, రాత లేని సవర మాటని ఏళ్ళ తరబడి చెవిపెట్టి వినడం ఒక కారణమని నా నమ్మకం. ఆయన మొదలుపెట్టింది కూడా పక్కన మాట్లాడుతున్న మనిషి మాట వినడంతోనే, నువ్వు కొట్టులో చేస్తున్నట్టే.

డబ్బు సంగతి. కొట్టు మానేయకు. వారంలో రెండు పూటలు దీనికని కేటాయించి, గల్లాపెట్టె దగ్గర ఒక చీటీ అంటించు. మిగతా రోజుల్లో వచ్చినవాళ్ళకి ఆ రోజు రమ్మని చెప్పు, మీ అమ్మగారి కోపం సగం అక్కడే తగ్గుతుంది. కూలి చేసుకునేవాళ్ళు ఆసుపత్రికి తోడు రమ్మంటే దారి ఖర్చులూ భోజనమూ తీసుకో, అదీ ఇవ్వలేనివాళ్ళు ఉంటారు, వాళ్ళని నీ మనసుకి వదిలేస్తున్నాను. దస్తావేజు అనువాదానికి, కంపెనీలకి, సర్వేలకి, పరిశోధనకి వచ్చేవాళ్ళకి మాత్రం ముందే రేటు చెప్పి తీసుకో. రాసేదానికి పేజీ లెక్క, కూర్చుని చెప్పేదానికి పూట లెక్క. డాక్టరు దగ్గరా ల్యాబు దగ్గరా లాయరు దగ్గరా కమీషన్ మాత్రం ఒక్క రూపాయి కూడా ముట్టుకోకు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఇస్తామంటారు. తీసుకున్న రోజు నుంచి నువ్వు ఎవరి మనిషివో ఆ ముసలమ్మకి తెలియకుండా పోతుంది.

ఇంకా కొన్ని త్వరగా. బ్యాంకులో ఎవరి పిన్నూ ఓటీపీ వినకు, వాళ్ళ చేతే నొక్కించు. "చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పడమైనది" అన్న వాక్యం కింద, నిజంగా మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి వినిపిస్తే తప్ప సంతకం పెట్టకు. ఒకరి జబ్బు సంగతి కొట్టులో ఇంకొకరి దగ్గర ఎత్తకు, గుణుపురం చిన్న ఊరు. పెద్ద జబ్బు అని తేలినప్పుడు ఇంట్లోవాళ్ళు "ఆమెకి చెప్పకు" అంటారు. చెప్పాలా వద్దా అన్నది నీ చేతుల్లోకి తీసుకోకు. వాళ్ళు అన్న మాట డాక్టరుకే చెప్పి ఆయన్నే తేల్చమను.

సాధన ఎలా అంటే, రేడియోలో ఒడియా వార్తలు రెండు నిమిషాలు విను, ఆపు, తెలుగులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకో. తర్వాత రెండూ కలిపి వింటే ఎక్కడ ఏది జారిపోయిందో తెలుస్తుంది. మొదట జారేవి అంకెలు, ఊళ్ళ పేర్లు, "కానీ", "అయితే" లాంటి చిన్న మాటలు. నెల తర్వాత తెలుగు వార్తలతో తిరగేసి చెయ్యి.

అన్నిటికంటే ముందు, రేపో ఎల్లుండో ఆ ముసలమ్మ ఇంటికి వెళ్ళు. నువ్వు "నొప్పి" అని చెప్పి ఊరుకున్న ఆ సవర మాట మళ్ళీ చెప్పించుకో. ఎక్కడ, ఎలా ఉంటే ఆ మాట వాడతారో, ముల్లు గుచ్చుకుంటే అంటారా, కాలితే అంటారా, లోపల లాగుతుంటే అంటారా, ఆమె చేతినే ఒంటి మీద పెట్టించి అడుగు. తెలుగులో దానికి ఒక్క మాట దొరక్కపోతే మూడు వాక్యాలు రాయి, ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు ఆ మూడూ డాక్టరుగారికి చదివి వినిపించు. నీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ మాట ఉండాలి. రాశాక నాకూ పంపు, నా ఎనిమిది నోట్‌బుక్కుల్లో సవర మాటలు చాలా తక్కువ.